ఆరున్నొక్కటి

కొండకు కంచె లేదు.
నా ఫారంలో మాత్రం ఒక గడి ఉంది:
యజమాని పేరు.

కంబ్రియాలో, స్కార్‌బెక్ పైన,
మార్చి వాన అడ్డంగా కొడుతుంటే
క్లిప్‌బోర్డు కోటు కింద దాచుకుని అడిగాను.
థోరా బర్కెట్ ముక్కు తుడుచుకుంది.
"పదకొండు ఇళ్ళది.
నువ్వడిగే అర్థంలో ఎవరిదీ కాదు."

మరి గొర్రెలకెలా తెలుస్తుంది, ఎక్కడ ఆగాలో?
తల్లి వెంట తిరిగిన మొదటి వేసవిలోనే
పిల్ల నేర్చుకుంటుందట:
ఈ వాగు దాకా మనం, ఆ రాళ్ళగుట్ట అవతల వాళ్ళు.
ఆ తల్లికి దాని తల్లి.
ఎవరూ రాసివ్వని దస్తావేజు
గిట్టల్లోనే కొండెక్కి దిగుతుంది.

గడ్డికి ధర ఉంది. ఉన్నికీ ఉంది
(కత్తిరించిన కూలికి చాలదని నవ్వింది).
తెలిసుండడానికి గడి లేదు.

గాలికుంటు వచ్చిన ఏడు
మందను మొత్తం తగలబెట్టారు.
పరిహారం సక్రమంగానే వచ్చింది, తలకింత.
కొత్తగా కొన్న గొర్రెలు
ఎక్కడ నిలవాలో తెలీక
రోడ్డు మీదికి, చర్చి సమాధుల మీదికి.
ఐదేళ్ళు మనుషులే తల్లులయ్యారు.
చీకటితో లేచి, వంతులేసుకుని,
కొండ చుట్టూ నిలబడి వాటికి చోటు నేర్పారు.
బిల్లు ఎవరూ పెట్టలేదు కనక
మా లెక్కల్లో ఆ ఐదేళ్ళూ
ఏమీ జరగలేదు.

సాయంత్రం దొడ్డి గేటు దగ్గర ఆమె లెక్క:
యాన్, టాన్, టెదెరా...
ఇంగ్లీషు కాదది. అంతకంటే పాతది.
నా నోరు ఊరుకోలేదు:
లాభం, రెండు, మూడు...

మా కళ్ళంలో మొదటి కుంచాన్ని
ఒకటి అనరు, లాభం అంటారు.
ఎవరికి లాభమో మా తాతకు తెలుసు.
కుప్ప అంచున, మేర కోసం,
గోనె పట్టుకు నిలబడ్డవాడు.
మా ఊరి ఉమ్మడికీ కంచె లేదు.
అయినా మేం దాటలేదు.
మాకూ తల్లులే నేర్పారు, ఎక్కడ ఆగాలో.

"పన్నెండో ఇల్లొస్తే?" అన్నాను.
థోరా లెక్క తప్పింది.
గురువారం మీటింగులో అడుగుతానంది.

మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టాం, ఇద్దరం.
ఆరు దాకా సరిగ్గా వచ్చాం.
ఆమె లెదెరా అంది.
నేను ఏడు అనలేదు, మా వాళ్ళెవరూ అనరు.
ఆ ఆరున్నొక్కటో గొర్రె
గేటు దగ్గర ఆగి,
సిరా కారిపోయిన నా ఫారం అంచు
కొరికి చూసింది.