మూడో వాల్వు

పొద్దుగాల నాలుగున్నరకు లేస్త.
మొదటి వాల్వు ఆడపిల్లల హాస్టలుకు.
రెండోది కొత్త లైబ్రరీ ముంగటి గడ్డికి.
మూడోది
నక్షల ఉన్నది, భూమిల పైపు లేదు.
అది మా ఊరికట.

జీతం పదకొండు వేలు,
కాంట్రాక్టరు చేతుల నుంచి తొమ్మిదై వస్తది.
మెడల కార్డు మీద పంప్ ఆపరేటర్ అని రాసిన్రు.
మా తాత లస్మయ్యకు కార్డు లేకుండె.
నీరటి అంటుండె ఊరు.
భుజం మీద పార, చెవుల చుట్టముక్క,
ఎర్రకుంట తూము కాడ నిలబడి
ఎవరి మడికి ఎన్ని గడియలో
తన నీడను చూసి చెప్పేటోడు.
ఒకసారి సొంత తమ్ముని మడికి
అరగడియ ఎక్కువ పారిందని
మూడు దినాలు అన్నం ముట్టలేదంట.
నిజమో అబద్ధమో.
మా నాయినమ్మకు ఆయన మీద శానా కోపాలుండె,
ఈ ఒక్క మాట మాత్రం ఎన్నడు మార్చలేదు.

ఎర్రకుంట ఇప్పుడు బస్సులు ఆగే జాగ.
శిఖం భూమి, ఎవ్వరిది కాదు అన్నరు.
అంటే అందరిదని మేం అనుకున్నం.
ఎండిన కుంటే గద అన్నరు.
ఎండాకాలం కుంట ఎండుతది సారూ,
గుడ్డు పెట్టని నెల
కోడిని కోడి కాదంటమా?

గుట్టను మూడేండ్లు పేల్చిన్రు,
కొత్త బ్లాకులకు కంకర కావాలె.
పేలినప్పుడల్లా మా గోడ గడియారం ఆగుతుండె,
మా ఆమె దాన్ని ఒక్కటి చరిచి నడిపిస్తుండె.
గుట్ట చుట్టు సీతాఫలం చెట్లుండె.
దసరా ముంగట గంపలకొద్ది తెంపి
జడ్చర్ల రోడ్డు మీద అమ్మి
కుర్వ బీరమ్మ కాళ్ల కడియాలు కొనుక్కున్నది.
ఇయ్యాల ఆమె గొర్లు కంచె పొంటి నడుస్తయి
యాడనో ఒక కాడ అయిపోతదని.
నాలుగు కిలోమీటర్లు.
అయిపోదు.
లోపల తెచ్చి పరిచిన గడ్డికి మాత్రం
రెండు పూటల నేనే నీళ్లు పడుత.
గొర్లు నా దిక్కే చూస్తయి.

మొన్న భాద్రపదంల పెద్దవాన.
నీళ్లకు నక్ష చదవరాదు గద,
పాత తొవ్వనే కుంటను ఎతుక్కుంట వచ్చినయి,
ప్రహరీ గోడకు తల కొట్టుకొని
మా వాడకు మళ్లినయి.
రాత్రి రెండింటికి మంచం కింద
బియ్యం డబ్బా తేలింది.
తెల్లారి అదే వాడకు
తాగే నీళ్ల ట్యాంకరు వచ్చింది,
బురదల దిగబడ్డది.

నస్రీన్ అని, నారాయణపేట పిల్ల,
ఎమ్మెస్సీ ప్రాజెక్టట, బోర్లు కొలుస్తది.
తాడుకు బరువు కట్టి లోపలికి వదిలింది.
తాడు అయిపోయింది, నీళ్లు తగల్లేదు.
రెండొందల ఫీట్లకు ఉండె అంటరు గద అంకుల్,
ఎందుకు దిగింది? అని అడిగింది.
నేను ఆమె హాస్టలు దిక్కు చూసిన.
మూడో అంతస్తుల తీగె మీద
ఎవరివో తువ్వాళ్లు ఆరుతున్నయి.
ఏం చెప్పాలె?
వాళ్లింట్ల మెట్రిక్ దాటిన మొదటి పిల్ల అంట,
చిన్నప్పుడు బిందె మోసి మెడ నొప్పి పట్టిందంట.
నా బిడ్డ ఇంటర్ల ఉన్నది,
అదీ ఇక్కడనే సీటు కావాలంటున్నది.
వానలు తక్కువైనయి బిడ్డా అన్న.
ఆమె రాసుకోలేదు.
పెన్ను మూసి, నా చేతిల రించి దిక్కు చూసింది.

నిన్న పొద్దుగాల
రెండో వాల్వు అరచుట్టు తక్కువ తిప్పిన.
గడ్డికి ఇంకా తెల్వదు.
మిగిలిన నీళ్లు ట్యాంకుల నిండి
పై గొట్టం నుంచి కారుతుంటే
కింద నిలబడి చానాసేపు చూసిన.
పోవటానికి జాగ లేదు వాటికి.

తాత ముచ్చట యాదికొచ్చింది.
ఎవరి మడికి ఎక్కువైందో, ఎవరికి తక్కువైందో
ఎనిమిదింటిదాక లెక్క తెగలేదు.
అన్నం మాత్రం తిన్న.
డ్యూటీ ఉండె.