నలుసుకి బారసాల

కంబాలకొండ ఆకుమట్టిని గరాటులో పోసి
పైన నలభై వాట్ల బల్బు వేలాడదీశాను.
వేడికి జడిసి, చీకటే దారనుకుని
కిందికి, ఇంకా కిందికి దిగి
స్పిరిట్ సీసాలో రాలాయి, మూడు రోజులు.

వాటిలో ఇదొకటి.
ఆవగింజలో నాలుగోవంతు.
వీపు మీద పదహారు జతల వెంట్రుకలనుకున్నాను.
మళ్లీ లెక్కపెడితే పదిహేను.
కరెంటు పోయింది.
వచ్చాక కూడా పదిహేనే.

పాత పుస్తకాల్లో దీని వాళ్లందరికీ పదహారు.
ఆ లేని జత దగ్గర నా పెన్సిలు ఆగింది.
సముద్రపు చెమ్మకి కాగితం మెత్తబడి
గీత అలుక్కుపోతోంది.

"ఏటమ్మా, ఈ నలుసుక్కూడా బారసాలేనా?"
టీ గ్లాసు పెడుతూ సూరప్పడు.
ఆ మట్టి తవ్వింది అతనే,
హుద్‌హుద్‌కి కూలిన చెట్టు వేళ్ల కింద, ఒట్టి చేతుల్తో.
అతని పేరుకి లాటిన్ తోక తగిలించి
పైకి చదివాను.
నవ్వాడు. గ్లాసు తీసుకుని వెళ్తూ, గుమ్మం దగ్గర,
"దాని అమ్మాబాబూ ఏటని పిలిసీవోరో" అన్నాడు.

ఎర్ర లేబులు మీద తేదీ వేశాను.
చోటు, విశాఖపట్నం. లోతు, మూడంగుళాలు.
ఎన్ని దొరికాయి: ఒకటి.

గరాటు మీద బల్బు ఇంకా వెలుగుతోంది.