తగినంత

మడివాళ మార్కెట్ వెనక సందులో
కుక్కర్లు బాగుచేసే ఓబులేసుది ఆరడుగుల కొట్టు.
బోర్డు లేదు. బోర్డు ఉండాల్సిన చోట
తీగకి పాత మూతలు వేలాడుతుంటాయి,
గాలొస్తే ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
నెలకి ఆరు వీడియోలు. డబ్బు అల్లుడిస్తాడు.

మొదటిరోజు ఫోను స్టాండుకి బిగిస్తుంటే
స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని అడిగాడు:
"ఇదెన్ని విజిళ్ళు ఉంటాదిమ్మా?"
నవ్వేశాను.

ఒక కుక్కరు బాగవడానికి ఇరవై రెండు నిమిషాలు.
గ్యాస్కెట్ ఊడదీసి అంచు చుట్టూ వేలు తిప్పుతాడు
పసివాడికి పన్నొస్తోందా అని చిగురు తడిమినట్టు.
సూదితో ఆవిరి దారిలోంచి ఎన్నాళ్ళ పప్పో తవ్వి తీసి
"కందిపప్పు, మనోళ్ళే" అంటాడు.
లేదంటే "రాజ్మా" అని ఊరుకుంటాడు.
నీళ్ళు పోసి, మూత బిగించి, స్టవ్ వెలిగించి
ఇక ఏమీ చెయ్యడు.
తల ఓ పక్కకి వంచి వింటాడు.
సిల్క్ బోర్డు వైపు కదలని బస్సులు, వాటి హారన్లు,
పక్క కొట్టులో కొబ్బరికాయ పగిలిన చప్పుడు,
అన్నిటి అడుగునుంచీ
లోపల లేస్తున్న ఆవిరిని వేరు చేసుకుని.

కోరమంగళలో మా ఆఫీసు నాలుగో అంతస్తు.
అక్కడ గ్రాఫు మెట్లు లేని బావిలా ఉంటుంది.
మూడో సెకనుకి సగం మంది పడిపోతారు.
ఏడుకి మిగిలేది చుట్టాలే.
"నీ వీడియో సంగతి వదిలెయ్,
జనం బొటనవేలి సంగతి చూడు" అన్నాడు చేతన్.

ముప్పైకి కోశాను. గ్యాస్కెట్ పోయింది.
పదిహేనుకి కోశాను. కందిపప్పు పోయింది,
దాంతోపాటు ఆ "మనోళ్ళే" కూడా.
ఏడుకి కోశాను.
చెడిన కుక్కరు, బాగైన కుక్కరు.
మధ్యలో మనిషి లేడు.

పద్దెనిమిది వేల మంది చూశారు.
కొట్టుకి ఒక్కరూ రాలేదు.
అల్లుడు మాత్రం రీచ్ బాగుందన్నాడు.
ఓబులేసు నా ఫోను రెండు చేతుల్తో పట్టుకుని చూశాడు.
అయిపోయింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ.
"ఎవరో గానీ శానా తొందరగా సేస్తాండాడే ఈయప్ప"
అన్నాడు, తన చేతుల్నే చూసి.

ఆ రాత్రి గోంగూర పప్పు చేద్దామని
మా పిన్ని పంపిన చీటీ తీశాను.
కందిపప్పు గ్లాసు. మిరపకాయలు ఎనిమిది.
విజిళ్ళు మూడు.
ఉప్పు తగినంత.
ఈ మాట మీద పిన్నితో ఎన్నిసార్లు పోట్లాడానో,
తగినంత అంటే ఎంత, చెంచాల్లో చెప్పమని.
"నాలిక నీదేగా" అనేది.

ల్యాప్‌టాప్ తెరిచి ఇరవై రెండు నిమిషాలూ మళ్ళీ పెట్టాను.
ఈసారి గడియారం మీద కాగితం అంటించాను.
కళ్ళు మూసుకుని విన్నాను.
మూత బిగిసిన చప్పుడు దగ్గర మొదలుపెట్టి
తల వంచినప్పట్నుంచీ ఎక్కడా కొయ్యకుండా,
పాట వెయ్యకుండా, అక్షరాలు ఎగరెయ్యకుండా
విజిల్ దాకా ఉంచేశాను.
కాగితం తీసి చూస్తే నలభై మూడు సెకన్లు.

"చాలా పొడుగు," అన్నాడు చేతన్.
నిజమే. మూడో సెకను దగ్గర అదే బావి.
చూసింది ఆరువందల పదకొండు మంది.
కాని ఆ బావి దాటినవాళ్ళలో
దాదాపు ఎవరూ మధ్యలో లేచిపోలేదు.
ఏం వింటున్నాడో వాళ్ళూ వింటున్నట్టున్నారు.

మంగళవారం అరెకెరె నుంచి ఒకావిడ
దుప్పట్లో చుట్టిన కుక్కరుతో దిగింది.
"ఎష్టు హొత్తు ఆగత్తె?" అంది, ఆటో ఆపుకునే.
ఓబులేసు స్టూలు తుడిచి ముందుకు జరిపాడు.
నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు,
"ఎన్ని విజిళ్ళు పెట్నావమ్మా?"
"ఒకటి."
తలూపాడు, ఉప్పు చూసినవాడిలా.

వచ్చే వారం పిడి బిగించే వీడియో.
పిడికి విజిల్ ఉండదు.
ఎక్కడ ఆపాలో
ఇంకా తెలీదు.