ఎలుగు

నీళ్లు పట్టుకోడానికి వచ్చేడు
మందస దాటి మా జీడితోటల్లోకి, ఏప్రిల్ ఆఖర్న.
వాసాలకి తల తగిలేటంత పొడుగు.
రెండోనాటికే మెడ వెనక జీడిపండు ఎరుపు.
బోరు నీళ్లొక సీసా, నూతి నీళ్లొక సీసా,
రక్తం ఒకటి, మూత్రం ఒకటి.
సీసా మీద నంబరే రాయాలి,
పేరు రాయకూడదు. అది వాళ్ల రూలు.
రాసేది నేను, ఆశా కార్యకర్తని.
అతని తెలుగు నోరు కూడా నేనే.

పేరు బ్యోర్న్. స్వీడనట.
మా ఊరి నాలిక మీద అది నిలబడలేదు.
పిల్లలు బోర్నన్నారు, పెద్దలు బోరుబాబన్నారు.
బోరునీళ్లు పట్టేవాడికి
అంతకన్నా పేరేం కావాలి.

కానీ దాలమ్మత్త ఊరుకోదు.
వారానికి రెండుసార్లు పలాస పోయి
రక్తం కడిగించుకొచ్చే మనిషి,
మోచేతి మీద చెయ్యేస్తే గుయ్యిమనే నరం.
"అర్థమేటి బాబూ నీ పేరుకి?
అర్థం నేకుండా ఎవులైనా పేరెడతారేటి?"

నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగేను.
అతను సీసా కింద పెట్టి
రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు గోళ్లలా వంచి
గుర్రుమన్నాడు.

ఎవరూ నవ్వలేదు.
గోడవారన జోగులు
తలగుడ్డ ముఖం మీదకి లాక్కున్నాడు.
మూడేళ్ల కిందట, తెల్లారకముందే
జీడిపిక్కలేరడానికి వెళ్తే
ఎడమ కన్నూ, ఆ వైపు పెదవీ
తోటలోనే ఉండిపోయేయి.

పొద్దు వాలితే ఇక్కడ దాని పేరెత్తం.
పాముని పురుగంటాం, దాన్ని నల్లమావ అంటాం.
ఆ మాటే అతనికి చెప్పేను.
మూత బిగిస్తున్న చెయ్యి ఆగిపోయింది.

వాళ్లదీ అదే కథట.
ఎన్ని వేలేళ్ల కిందటో, మంచు అడవుల్లో
దానికి అసలు పేరొకటి ఉండేదట.
పిలిస్తే వస్తుందని భయపడి
గోధుమరంగోడు అన్నారట.
అనగా అనగా అసలుది మరిచిపోయేరట.
ముత్తాతకి పెట్టిందీ, తనకి పెట్టిందీ
ఆ చాటుమాటే.
"మరి అసలు పేరు?"
"మా వాళ్లెవరికీ తెలీదు."

లోకనాథం మాస్టారు గొంతు సవరించుకున్నారు.
నలభై వంకాయంత కాళ్లవాపుతో వచ్చి
బల్ల మీద కూర్చున్న తెలుగు పండితులు.
"ఋక్షం అని ఉంది కదమ్మా మనకి."
రుక్షం, రుక్షం, అని అతను నమిలేడు, రాసుకున్నాడు.
తాము పోగొట్టుకున్న పేరుకి
అది చుట్టమే అవ్వొచ్చట.
నేనెప్పుడూ తిప్పని పేజీలో
దుమ్ము కొట్టుకుని కూర్చుంది, ఎవరిదో పేరు.

మా జబ్బుకి మాత్రం ఏ పేజీలోనూ లేదు.
ఆస్పత్రి కాగితం మీద కారణం: తెలియదు.
అందుకే అది అంటాం.
"అది వచ్చిందట." "నంబరెంత?"
మా అన్నకి ఎనిమిది. తర్వాత పదకొండు.
తర్వాత అడగడం మానేసేం.
నీళ్లా, మందులా, ఎండా,
దేన్ని పిలిస్తే ఏది వస్తుందో అని.

సాయంత్రం సీసాలు సర్దుతుంటే
జోగులు లేచేడు.
రెండు శిబిరాలు వచ్చి పోయినా
చెయ్యి చాపని మనిషి.
బ్యోర్న్ ఎదురుగా నిలబడి
తలగుడ్డ తీసేడు.
"ఎలుగుబాబూ" అన్నాడు.
మూడేళ్లలో ఆ మాట అతని నోట వినలేదు.
సగం పెదవిలోంచి గాలి తప్పించుకుని
మాట కొంచెం ఈలేసింది.
మా భాషలో గొంతుకీ అదే పేరని
అప్పుడు గుర్తొచ్చింది నాకు.
"నా రత్తం కూడా తియ్యి."

సూది దిగింది. చీకటి పడుతోంది,
ఎవరూ అతన్ని మాట మార్చమనలేదు.
సీసా మీద ముప్ఫైతొమ్మిది అని రాసేను.
కాసేపాగి, దాని కింద, చిన్నగా,
జోగులు అని.