నునుపు

బల్ల మీద పాత లుంగీ గుడ్డ పరిచి
రెండిటినీ పక్కపక్కన పెట్టాను.
ఒకటి పది యాభై టీఐ. ఒంటి ఫ్యాను, అరచేయంత.
కాకినాడలో ఓ దస్తావేజు లేఖరి కంప్యూటర్లో
పనీపాటా లేక కూర్చుని వచ్చింది.
రెండోది ఐదొందల డెబ్బై. రెండు ఫ్యాన్లు, ఇటుకంత బరువు.
విశాఖలో ఎవరో మేడగదిలో దీనిచేత
మూడేళ్లు రాత్రీ పగలూ నాణేలు తవ్వించారు,
చేతికి తగలని నాణేలు.
విప్పి చూస్తే పేస్టు ఎండి పెచ్చులూడింది.
రేకుల సందులో బల్లిగుడ్డు పెంకు.
తుడిచాను, పూశాను, బిగించాను.
బతికింది.

రాజోలులో నా షాపుకి వచ్చాక
ఉప్పుగాలి మాత్రం రెండిటికీ ఒకేలా తుప్పు పూసింది.

సువర్ణరాజు వచ్చాడు.
చించినాడ అవతల రొయ్యల చెరువు కాపలా.
మేత సంచి ముక్కలో చుట్టిన ఐదువేలు,
మొన్న పట్టుబడికి ఆసామి ఇచ్చినవి.
"ఆటకండి," అన్నాడు గొంతు తగ్గించి,
మందు అడిగినట్టు.
లారీ తోలే ఆట. ఘాట్ రోడ్లు.

చిన్నదాని మీద ముప్పై ఎనిమిది. పెద్దదాని మీద యాభై ఆరు.
సెకనుకి ఎన్ని బొమ్మలో ఆ లెక్క.
కౌంటు అనుకోరా, అన్నాను.
"మాకు ముప్పై కౌంటే ఖరీదండి,
వంద కౌంటు ఎవడిక్కావాలి?"
నిజమే. కిలోకి ఎన్నెక్కువ తూగితే అంత లోకువ.
పాతికేళ్లుగా చెప్తున్న లెక్క
నా బల్ల మీదే బోర్లా పడింది.

చిన్న కార్డులో అర కిలోమీటరు దాటితే మంచు.
అందులో కొండలు తడిపిన పిండిముద్దలు.
దూరపు కొండలు నునుపని అన్నవాడు
ఈ కార్డు చూసే అని ఉంటాడు.
పెద్దది పెట్టాను.
కొండకి బీటలు, బీటల్లో చెట్లు,
చెట్ల కింద విడివిడిగా రాళ్లు.
వాడి ముక్కు తెరకి తగిలింది.
"ఇన్ని రాళ్లాండి?"
గులకరాయి కావాలన్నా లారీలో రావాల్సిన నేల మాది.
పాపికొండలకి బడివాళ్లు తీసుకెళ్లిన రోజున
వాడికి జ్వరమంట.

పెద్దది తీసుకో, అన్నాను. తేడా ఐదొందలే.
కరెంటు ఎక్కువ తాగుతుంది, నూట యాభై వాట్లు,
అయినా నీ ఏరేటర్ల ముందు అది దోమ కాటు.

వాడు వాట్లు వినలేదు.
కళ్లు మూసుకున్నాడు.
పెద్దది తిరుగుతుంటే కాసేపు.
మార్చమన్నాడు.
చిన్నది తిరుగుతుంటే కాసేపు.
కిందనున్న మేత కొట్టులో ఎవరో దగ్గారు,
అది కూడా వినిపించింది.

"పెద్దది మా ఏరేటరులాగే అరుస్తాందండి.
రాత్రి రెండింటికి నీళ్లలో గాలి పడిపోద్ది.
పదిట్లో ఒకటి ఆగితే
చెవికే తెలియాలి నాకు.
రొయ్య పైకి తేలాక కంటికి తెలిసేం లాభం?"

మరి ఆట చప్పుడో?
"ఆపేసే ఆడతానండి."

డబ్బాలో పెడుతుంటే కొండల సంగతి ఎత్తాను, ఉండబట్టలేక.
"మంచేగా అండి. పుష్యమాసంలో
మా చెరువుకి అవతల గట్టే కనపడదు.
గట్టు ఎక్కడికీ పోదుగా."

పెద్దది ఇంకా అలమారలోనే ఉంది.
వర్షాలకి ముందు ఓసారి తిప్పి చూడాలి.

వారం తిరక్కుండా అర్ధరాత్రి ఫోను.
"ముప్పై ఎనిమిదన్నారు, ముప్పై నాలుగే వస్తందండి!"
నిద్రమత్తులో వోల్టేజీ గురించి ఏదో గొణిగాను.
"ఫిర్యాదు కాదండి. ఇంకా ఖరీదైన కౌంటు కదా అని చెప్తున్నా."
వాడి వెనక నీళ్లు కొడుతున్న చప్పుడు.
అన్నీ తిరుగుతున్నాయా, అడిగాను.
కాసేపు మాట్లాడలేదు. వింటున్నాడు.
"ఆయ్. పదీ."