వత్తులకు డబ్బు తీసుకోను

అక్షరానికి పన్నెండు రూపాయలు.
వత్తులకు తీసుకోను. అది నా ధర్మం అంటాను.
అసలు సంగతి, పక్క సందులో సుభానీ
వత్తులక్కూడా లెక్క కడతాడు.

గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల వీధి మలుపులో
ముప్పై ఏళ్లుగా దాతల పేర్లు రాస్తున్నాను.
ఫ్లెక్సీలొచ్చి మిగతా పనంతా ఊడ్చుకుపోయినా
పుణ్యం మాత్రం ఇంకా పెయింటే అడుగుతుంది,
ఎండకు వెలిసిపోదని.

శవాల్ని ఉంచే ఐసు పెట్టె ఇచ్చాడు
మిర్చి కమీషన్ కొట్టు గోవాడ సాంబయ్య.
పేరు తల వైపా, కాళ్ల వైపా?
ఏడ్చేవాళ్లు ఎటు కూర్చుంటారో
గంటసేపు నాతో తర్జనభర్జన పడి
చివరికి పైన అద్దం మీదే రాయించాడు,
బంగారు రంగులో.
ఆ రోహిణీ కార్తెలోనే ఆయనా అందులో పడుకున్నాడు.
లోపల్నుంచి చూస్తే పేరు తిరగబడి కనిపిస్తుందని
రాసేటప్పుడు నాకు తట్టలేదు.

లెక్కల మాస్టారు కోటిలింగంగారు అలా కాదు.
"నా పేరొద్దయ్యా. గుప్తదానం అని రాయి చాలు."
రాశాను.
"కాస్త పెద్దగా," అన్నారు.
పెద్దగా రాశాను.
మర్నాడు చలివేంద్రం దగ్గర నిలబడి
"ఎవరో మహానుభావుడు!" అన్నారు పక్కవాడితో.
పక్కవాడు గ్లాసు బోర్లించి
మంగళగిరి బస్సెక్కేశాడు.
మాస్టారు ఇంకో మనిషి కోసం
ఎండలో అలాగే నిలబడ్డారు.

తర్వాత మార్తమ్మ వచ్చింది,
యార్డులో తొడిమలు తీసే మనిషి.
ఒళ్లంతా ఘాటు, చేతిలో ముడుచుకుపోయిన నోట్లు.
కాన్పుల వార్డు బయట కూర్చోడానికి బల్ల లేదని
చేయించింది.
"పేరు?" అన్నాను.
"వద్దన్నా."
పెద్దగా రాయనా అని అడగబోయి ఆగాను.
ఇన్నాళ్లకు ఒక్క మనిషి!
నా కళ్లు చెమర్చాయి. కొంత ఆవిడ చీర మీది
మిరప ధూళి వల్ల కూడా అయ్యుండొచ్చు.
మెట్లు దిగుతూ తనే చెప్పింది:
"మా ఆయన చదివాడంటే
ఇంకెంత దాచానోనని
బియ్యం డబ్బా దాకా గాలిస్తాడు."

నవ్వాను. బల్లకి నీలం రంగు ఊరికే వేసిచ్చాను.
రెండు కోట్లు.
ఊరికే వేశానని టీ కొట్టు బాజీకి చెప్పాను,
ఇంట్లో చెప్పాను,
చెప్పకూడదనుకుంటూనే సుభానీకి చెప్పాను.
ఇప్పుడు మీకు.

ఆ బల్ల కాలికి లోపలి వైపు
ఎవరూ చూడని చోట
చిన్నగా నా సంతకం ఉంది.
అటు వెళ్లినప్పుడల్లా
తెగని చెప్పు సరిచేసుకుంటూ
వంగి చూసుకుంటాను,
ఉందో లేదోనని.