బొగ్గు గీతలు

ఎండాడ మలుపు దిగాక, సముద్రం ఇంకా కనపడక ముందే
ముక్కుకు తెలిసిపోయేది.
ముందు నురగ వాసన,
వెనకే ఎరకమ్మ మూకుట్లో వేగుతున్న నెత్తళ్ళు.
సైకిలు దానంతటదే ఆగేది.

బోర్డు లేదు. గోడలూ లేవు.
నాలుగు తాటిదుంగలు, పైన కమ్మలు,
ఉప్పునీళ్ళు అరగదీసిన పాత పడవ పలక ఒకటి, అదే బల్ల.
ఏ మూల ఎవరిదో రాసి లేదు గానీ
ఇమ్మానుయేలు మూలలో ఇంకొకడు కూచునేవాడు కాదు.

షిప్‌యార్డులో వెల్డింగు చేసి చేసి ఎర్రబడ్డ కళ్ళు అతనివి.
మొదటి డొప్ప రెప్పల మీద ఆనించుకుని
చల్లదనం పోయాకే తాగేవాడు.
ఎల్లాజీ వల నిండిన రోజు నోరు విప్పడు,
ఖాళీగా తిరిగొచ్చిన రోజు
సముద్రాన్ని ఏడు తరాల దాకా తిట్టేవాడు.
నేను పోర్టులో బస్తాలు లెక్కపెట్టే గుమస్తాని.
పాకలో మాత్రం దేన్నీ లెక్కపెట్టలేదు.
ఆ పని దాలయ్యది:
బొగ్గుముక్కతో, దుంగ మీద, మనిషికో వరస.

కల్లు ఒక్కటే గానీ రోజంతా ఒక్కటి కాదు.
తెల్లారగట్ల దింపింది చంటిపిల్ల నోరులా తీపి.
పది దాటితే లొట్టిలోనే చిటపటమని ఏదో గొణిగేది.
షిఫ్టు సైరను వేళకి నాలుక కరిచేది.
దీపాలు పెట్టేసరికి పుల్లగా,
ఇంట్లో ముసలిది చెప్పే నిజంలా.
"బతికున్న సరుకు బావూ," అనేవాడు దాలయ్య,
"సీసాలో ఎట్టి మూతేత్తే పేలిపోద్ది.
ఈయేల్దీ ఈయేలే."

పోతుతాడు గెలకి కత్తి ఎంత లోతు తగలాలో
అతని బొటనవేలికి తెలుసు.
మోకు బిగించి పోతూంటే
ఎక్కుతున్నట్టుండేది కాదు,
చెట్టే అతన్ని గాటు గాటుకీ పైకి అందిస్తున్నట్టుండేది.

ఎప్పుడు పోయింది ఆ పాక?
లేఅవుటు రాళ్ళు పాతినప్పుడని అందరం అంటాం.
పసుపురంగు యంత్రం వచ్చి
ముప్పై ఏడు చెట్లని ఒక్క పూటలో పడగొట్టింది, నిజమే.
ఒకదాని తలకి లొట్టి కట్టే ఉంది.
అది పగిలింది.
ఆ మధ్యాహ్నం కల్లు ఇసుక తాగింది.

కానీ గుమస్తాని కదా, నా లెక్క వేరు.
దానికి నాలుగేళ్ళ ముందే
హైవే పక్కన బ్రాందీ షాపు తెరిచారు.
ఫ్యాను, చల్లటి సీసా, ఏ వేళకైనా అదే రుచి.
ముందు ఎల్లాజీ కొడుకులు పోయారు.
ఎల్లాజీ, వాళ్ళని తిట్టడానికని వెళ్ళి, అక్కడే కూచున్నాడు.
ఇమ్మానుయేలు రిటైరై గాజువాక మారిపోయాడు.
తర్వాత, ఒక వానరోజు, నేను.
పాక దాకా బురద.
ఈ ఒక్కరోజే అనుకున్నాను.
ఆ ఒక్కరోజుకి మళ్ళీ పొద్దు గుంకలేదు.

మొన్న అటు వెళితే
ఎనిమిదంతస్తుల కింద, కార్లు నిలిపేచోట,
అడ్డంగా పడేసి ఉంది ఒక తాటిదుంగ.
వంగి చూశాను.
వాచ్‌మన్ ఏదో పోగొట్టుకున్నాననుకుని తనూ వెతికాడు.
నా వరస, పదకొండు గీతలు.
మిగతావాళ్ళవి వాన కడిగేసింది.

ఆరిలోవలో ఇల్లు కనుక్కుని వెళ్ళాను.
మోకుని దండెం చేసి
ఎరకమ్మ తడిబట్టలు ఆరేస్తోంది.
దాలయ్యకి చెయ్యి వణుకుతోంది,
గ్లాసులో నీళ్ళు అందించి నన్ను పట్టుకోమన్నాడు.
బాకీ తీర్చడానికొచ్చానన్నాను. పదకొండు.

చాలాసేపు బొటనవేలితో వేళ్ళ కణుపులు తడుముకున్నాడు.
"పదకొండు కాదు బావూ, పన్నెండు.
ఆ వానరోజు నీకని ఒక డొప్ప తీసి ఉంచినాను.
దీపాలెట్టేదాకా సూసినాను.
పులిసిపోనాది."